దుంగ మీది మగపురుగు

తిరుపతి డిపోలో ఎర్రచందనం దుంగలన్నీ
తోలొలిచినవే.
మోత తగ్గాలని అడవిలోనే ఒలిచేస్తారు.
మామండూరు దగ్గర పట్టుబడ్డ ఒక్క కేసు దుంగలు మాత్రం
బెరడుతోనే వచ్చాయి.
నరికినవాళ్ళు తొందరలో ఉన్నారేమో.
మొసలి వీపులా పలకలుగా పగిలిన ఆ బెరడు మీద
తెల్ల పెయింటుతో కేసు నంబరు,
నంబరులోని సున్నా లోపల
బూజు మేస్తూ నా మంద.

"పేలా?" అన్నాడు వాచ్‌మన్ చెంగల్రాయుడు, తల గోక్కుంటూ.
పేరుకే బెరడు పేలు. ఎవర్నీ కుట్టవు.
రెక్కల్ని ఇంటికప్పులా వాల్చుకుని
నాచూ బూజూ తిని బతుకుతాయి.
నువ్వుగింజంత కూడా ఉండవు.
తడి కుంచెతో పదింటిని ఎత్తి
స్పిరిట్ సీసాలో వేసుకున్నాను.

యూనివర్సిటీ ల్యాబులో, కరెంటు ఉన్నంతసేపూ,
రెక్కలు చదివాను.
ముందురెక్క అంచున ఒక ముదురు మచ్చ.
వెనకంచున ఈనె వంగి కట్టుకున్న చిన్న గూడు.
ఆ గూడు పై ఈనెను తాకిందా, తాకకుండా ఆగిందా?
వెంట్రుకంత ఎడంతో కుటుంబమే వేరైపోతుంది.
తాకింది.
సరే, ఇంటిపేరు దొరికింది.
అసలు పేరు రెక్క చెప్పదు.
పదిలో తొమ్మిది ఆడవి, తొమ్మిదీ ఒకే అచ్చు.
పదోదానికి కళ్ళు పెద్దవి,
తలకి రెండు పక్కలా ఉబ్బి,
వెతకడానికే పుట్టినట్టు.

మగది.

దాని పొట్ట కొస కోసి
రాత్రంతా పొటాష్ నీళ్ళలో నానేశాను.
కండ కరిగిపోతుంది, పేరు చెప్పేది మిగులుతుంది.
పొద్దున లవంగ నూనెలో వేస్తే
ల్యాబంతా పళ్ళ డాక్టరు గది వాసన.
అద్దం కింద ఒక చట్రం,
చట్రానికి అటూ ఇటూ రెండు కొక్కేలు,
అడుగున పలక, పలక అంచున పళ్ళు.
ఎడమ ఏడు. కుడి నాలుగు.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఎడమ ఏడు. కుడి నాలుగు.
నా దగ్గరున్న పట్టికల్లో ఏడూ నాలుగూ ఎక్కడా లేవు.

ఆడదాని తాళానికి మగదాని చెవి అంటారు మా సార్.
నాకట్లా అనిపించలేదు.
గొళ్ళేలు చేసే కమ్మరెవరో ఒక మధ్యాహ్నం
పనిలేక, అవసరానికి మించి
నగిషీ పెట్టినట్టుంది.

బొమ్మ గీసుకుని చంద్రగిరి బస్సెక్కాను.
ఒళ్ళో కనకాంబరాల బుట్టతో పక్కనున్నామె
కాసేపు తొంగి చూసి
"కమ్మల డిజైనా మా? బాగుండాది. యాడ చేపిస్తా ఉండావు?"
మగపురుగు మర్మాంగమని ఏ నోటితో చెప్పను?
"బజారు వీధిలో" అన్నాను.
"ఈ పక్క ఏడుండాయి, ఆ పక్క నాలుగే.
కూలి తీసుకునేటోడు సమంగా చెయ్యద్దా?"

ఒక్కదాన్ని చూసి కొత్త జాతి అనకూడదన్నారు సార్.
అది అవిటిదై పుట్టి ఉండొచ్చు.
ఇంకో మగదాన్ని తెమ్మన్నారు.

డిపోకి వెళ్ళేసరికి
నా దుంగలు నున్నగా, నెత్తురు రంగులో ఉన్నాయి.
వేలానికి గ్రేడు కట్టాలంటే
లోపలి రంగు కనపడాలట.
బెరడంతా నైట్ డ్యూటీవాళ్ళ టీ పొయ్యిలోకి పోయింది.
వానకి తడిసి మండక మిగిలిన ఒక పెచ్చుని
చెంగల్రాయుడు బియ్యం సంచిలోంచి తీసిచ్చాడు.
దాని మీద సగం సున్నా.

లెన్స్ పెట్టి చూశాను.
పురుగు ఒక్కటీ లేదు.
పగులు మూలలో పట్టుదారంతో అల్లిన పొర,
పొర కింద ఆరు గుడ్లు.

"ఇవి ఆడవా, మగవా మా?"
"పుట్టి, పెరిగి, రెక్కలొస్తేగానీ తెలీదు. నెల పడుతుంది."
"పోయినసారి తొమ్మిదీ ఆడవే అంటివే.
మా ఇంట్లో నలుగురికే మా యమ్మ నన్ను తిట్టని రోజు లేదు."
నవ్వి, పెచ్చుకి వెనకపక్క
సుద్దముక్కతో తన సెల్ నంబరు రాశాడు.
"మగది పుడితే ఫోన్ కొట్టు మా."
గేటు దాకా వచ్చి, ఆగి,
"ఆడది పుట్టినా కొట్టులే" అన్నాడు.