దెపుతాత్

మా ఇంట్లో ఆ మాటకు మసి అంటుకుని ఉండేది.
దెపుతాత్ వచ్చిందంటే
లారీ వెనక్కి వెనక్కి జరిగి మా గుమ్మం ముందు ఆగినట్టు,
ఎనిమిది టన్నుల బొగ్గు
భళ్ళున వీధిలో కుమ్మరించినట్టు,
ఆరేసిన దుప్పట్లు తీయమని
అమ్మ గెర్‌త్రూద మూడో అంతస్తు కిటికీలోంచి
వాడంతా వినపడేలా కేకేసినట్టు.

గనిలోకి దిగేవాడికి ఏటా రావాల్సిన వాటా అది.
జీతం కాదు, దానమూ కాదు.
నాన్న దాన్ని నేలమాళిగలోకి మోస్తూ
ఒక్కో గంపా పైకే లెక్కపెట్టేవాడు.
కిలోమీటరు లోతున తాను తవ్విందే
మళ్ళీ తానే లెక్కపెట్టుకోవడం
అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

ఇప్పుడు బ్రస్సెల్స్‌లో
ఒక అద్దాల గూట్లో కూర్చుంటాను.
చెవిలో ఎవరి గొంతో, నోట్లో నా గొంతు,
రెంటి మధ్యా ఊపిరి తీసుకునేంత జాగా.
కింద కమిటీ గదిలో
ఫ్రెంచివాళ్ళు పెదవులు సున్నా చుట్టి దెప్యుతే అంటారు.
ఇటలీవాళ్ళు దెపుతాతో అని
చివర్న తలుపు తెరిచే వదిలేస్తారు.
స్పెయిన్ ఆవిడ దిపుతాదో అంటుంది, తొందరగా.
రుమేనియా ఆయన మాత్రం అచ్చం మా నాన్నే:
దెపుతాత్.
ఆయన అన్నప్పుడల్లా
నేను మైకు మూసి దగ్గుకోవాలి.

మా భాషలో సభ్యుణ్ణి అలా అనం.
పొసెవ్ అంటాం, పంపగా వచ్చినవాడు అని.
ఎవరు పంపారో ఆ మాటలో లేదు.

పక్క గూటి లెయొనీల్ద్ కాఫీ దగ్గర చెప్పింది,
కప్పులో చక్కెర కలుపుతూ, అదేదో వంట సంగతైనట్టు:
"లాటిన్లో పుతారె అంటే కొమ్మ కత్తిరించడం.
మా దౌరు లోయలో ఇప్పటికీ పొదార్ అంటాం.
జనవరిలో తాత వేళ్ళు కొంకర్లు పోతుంటే
ద్రాక్ష తీగకు రెండే కళ్ళు ఉంచి
మిగతాదంతా నరికేసేవాడు.
కోసే ముందు కాసేపు ఊరికే చూసేవాడు.
ఏ కన్ను ఉండాలి, ఏది పోవాలి.
ఆ చూడటమే తర్వాత లెక్క అయింది,
లెక్క వాటా అయింది,
వాటాకి కోటు తొడిగితే
అదిగో, కింద కూర్చుంది."
నవ్వింది. నా కాఫీ చల్లారిపోయింది.

ఆ మధ్యాహ్నం గనుల మూసివేత మీద చర్చ.
పోర్చుగీసు సభ్యుడొకాయన
ఎదుటివాడి వైపు తిరిగి
"సెన్యోర్ దెపుతాదు" అన్నాడు, మర్యాదగా.
నేను నా భాషలోకి తేవాలి.
పదిహేడేళ్ళలో ఒక్కసారీ జారని నాలుక
జారింది:
"పాన్ దెపుతాత్,"
అయ్యా, బొగ్గు వాటా గారూ.

ఎవరికీ పట్టలేదు.
రెండో వరుసలో గావ్లిక్ ఒక్కడు
చెవిలోది తీసి
తలెత్తి నా అద్దం వైపు చూశాడు.

విరామంలో మెట్ల దగ్గర ఆగాడు.
నమస్కారం లేదు, పేరు అడగలేదు.
"ఎన్ని టన్నులు?"
"ఎనిమిది."
"మాకు ఆరే. నాన్న పైన దీపాల గదిలో చేసేవాడు."
ఇంకేదో అనబోయాడు.
పింఛనుదార్ల వాటా ఆపిననాడు
మీరెక్కడున్నారని అడగబోయాను నేనూ.
గంట మోగింది.

చేతులెత్తమన్నారు.
చేతులకు అనువాదం అక్కర్లేదు,
మైకు దీపం ఆరిపోయి ఉంది.
అద్దానికి నుదురానించి లెక్కపెట్టాను
పైకే, ఒక్కో గంపా,
ముప్ఫై ఏడు దగ్గర తప్పిపోయాను.
గావ్లిక్ చెయ్యి అందులో ఉందో లేదో
లెయొనీల్ద్ అడిగితే కూడా
చెప్పలేకపోయాను.