పదిహేడో నంబరు మిషను

రేపు పొద్దున తొమ్మిదిన్నరకు
పిల్లలు ముప్పైమంది వచ్చి కూర్చుంటారు.
ఈ రాత్రికి ముప్పై మిషన్లకూ
ఒక చిన్న కెర్నెల్‌ను అలవాటు చెయ్యాల.

కిటికీ రెక్క సరిగా పడదు.
ఆషాఢం గాలి అనంతపురమంతా ఊడ్చి
ఆ దుమ్ము తెచ్చి కీబోర్డుల మీద పోస్తాంది.
తడిగుడ్డతో తుడుస్తా, మళ్లీ టైపు చేస్తా.

పెద్ద సిస్టమ్‌లను పాఠం చెప్పలేం.
కోట్ల వరసలు, మొత్తం చదివినోళ్లు లేరు,
రాసినోళ్లతో సహా.
ఇది ఆరువేల వరసలది.
వేలు పెట్టి చదివితే సెమిస్టర్‌లో అయిపోతుంది.
విరగ్గొట్టమనే దీన్ని చేసినారు.
ధర్మవరంలో మగ్గం నేర్చుకునే పిల్లోనికి
మొదటిరోజే పట్టు ఇయ్యరు గదా,
తెగినా పరవాలేని నూలిస్తారు.

ముందు కంపైలరు కట్టల్ల.
ఈ గదిలో లేని యంత్రం కోసం
ఈ గదిలో కూర్చొని మాటలు కూర్చే కంపైలరు.
మేక్ అని కొట్టినా.
తెర నిండా అక్షరాలు, చీమలబారు,
నలభై నిమిషాలు.
ఆఖర్న ఒక్క వాక్యం:
ఫలానా లైబ్రరీ లేదు.

మా నాయన బోరుబండి మీద పనిచేసినాడు.
మూడొందల అడుగులు పోయినా తెల్లదుమ్మే లేస్తే
రైతు మొహం చూడలేక
రాడ్లు లెక్కపెట్టేవాడంట.
నేను కుర్చీలు లెక్కపెట్టినా. ముప్పైఒకటి.
ఒకదానికి కాలు లేదు.

లైబ్రరీ తెచ్చి మళ్లీ మేక్.
పదకొండింటికి కంపైలరు లేచింది.
పిలిస్తే, కమాండ్ దొరకలేదంటుంది!
ఇప్పుడే గదా కట్టింది నిన్ను?
పాత్‌లో రాయలేదు.
ఇల్లు కట్టి దావ చెప్పకుంటే ఎవరొస్తారు.
రాసినా, ఒక్క వరస.

ఇంక బూటు. ఐదొందల పన్నెండు బైట్లు,
చివరి రెండూ 55, AA.
ఆ రెండూ లేకుంటే యంత్రం ఇటు తిరిగి చూడదు.
కోటా బియ్యం కాడ మా అవ్వ వేలు
చింతపండు పిసికి పిసికి అరిగిపోయి
మూడుసార్లు వెనక్కొచ్చింది.
మనిషి మొత్తం ఎదురుగా నిలబడే ఉంది,
ముద్ర లేదంతే.

పన్నెండున్నర.
నల్లతెర మీద, ఎడమపక్క పైమూలన,
తెల్లగా ఒక ఇంగ్లీషు అక్షరం. ఏ.
తెలుగు రాదు దానికి ఇంకా.
వస్తుందిలే.

ఇరవైతొమ్మిదింట్లో ఏ వచ్చింది.
పదిహేడోదాంట్లో మాత్రం
వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ మొదలు.
అదే డిస్కు, అవే ఫైళ్లు, అదే చెయ్యి.

వాచ్‌మన్ చమన్‌సాబ్ తలుపు తోసినాడు.
ఇంగా కాలేదా మేడం? ఏం చేస్తుంది ఇది?
ఏ అని రాస్తుంది.
రాసి?
ఏం లేదు. పడుకుంటుంది.
ఊరికే తిరగలాడకుండా పడుకుంటుంది,
ఎవరన్నా పిలిస్తే లేస్తుంది.
నా మాదిరే, అన్నాడు.
నవ్వలేదు.
పంతొమ్మిదేండ్లుగా ఔట్‌సోర్సింగ్ ఆయనది.
ఆ బెంచీ మీద ఎంత నిద్దర్లో ఉన్నా
తాళం చప్పుడైతే లేచి కూర్చుంటాడు.

పదిహేడు మీద కాగితం అంటించినా:
పని చెయ్యదు.
గేటు దాకా పోయి వెనక్కొచ్చినా.
ఆ కాగితం పీకి ఇంకోటి రాసినా:
ఇందులో తప్పుంది. నాకు దొరకలేదు.

తెల్లారి ఇరవైతొమ్మిది తెరల మీద
ఏ చూసి చప్పట్లు కొట్టినారు.
పది నిమిషాలకు ఫోన్లు బయటికొచ్చినాయి.
పదిహేడు చుట్టూ మాత్రం నలుగురు,
నడుమ ఆ కాలు లేని కుర్చీని
గోడకు ఆనించి వన్నూరమ్మ.
ఎవరు చెప్పినారో, డీబగ్గర్ తగిలించి
ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర
ఆపి చూస్తాంది, ఆపి చూస్తాంది.

ఎన్ని అడుగులైంది? అన్నా.
తల తిప్పలేదు.
నూట పన్నెండు మేడం.
ఇంగా దుమ్మే.