కాల్చి చూస్తే

టవర్ క్లాక్ నుంచి పాతూరికి తిరిగే మలుపులో
సెల్‌ఫోన్ కవర్లమ్మే అంగడి అరుగు మీద
నా గాజుపెట్టె.
అద్దె నెలకు పన్నెండు నూర్లు.
నిన్న దాని మీద
పద్నాలుగు లక్షలు పెట్టినాడు
ధర్మవరం పట్టుచీరల నాగభూషణం.

చేతిరుమాల్లో చుట్టుకొచ్చినాడు,
సద్దికి జొన్నరొట్టె కట్టుకొచ్చినట్టు.
"కొన్నప్పుడు తొమ్మిది, కుళ్ళాయప్పా.
ఇప్పుడు పద్నాలుగంట. ఇంకా పెరుగుతాదంట.
నిలిచిపోయింది, చూడు.
బెంగళూరుకు పంపితే రెండు నెలలంటారు."

దానికేమీ కాలేదు.
మూడేండ్లుగా బ్యాంకు లాకర్లో పండుకోనుంది.
సెల్లు లేదు దానికి. మనిషి చేయి ఆడితేనే
లోపల అర్ధచంద్రం మాదిరి బరువొకటి తిరిగి
స్ప్రింగు బిగుస్తాది.
చేయి దొరక్కపోతే రెండు దినాలు చూసి
మూడో దినం ఊరకుంటాది.

"కట్టుకోవచ్చు గదా?"
"గీత పడితే లక్ష పోతాది."
ఆ గీత తీసి మెరుగు పెడితే ఇంకో లక్ష పోతాదంట.
పెట్టె ఉండల్ల, బిల్లు ఉండల్ల,
వెనక అంటించిన ప్లాస్టిక్ పొర గూడా చింపకూడదు.
మడి కట్టుకున్న అవ్వకే ఇంత మడి లేదు.

కంటికి అద్దం పెట్టి మూత విప్పినా.
అబద్ధమెందుకు,
నలభై ఏండ్లలో అట్లాంటి పని చూళ్ళేదు.
ఎవురికీ కనపడని అడుగురేకు మీద
చేప పొలుసుల మాదిరి సన్నగా చెక్కినాడు
ఏ దేశపు కంసాలో.
చీకట్లో ఉండేదానికి అంత ముద్దు చేసినాడు.
కొంచేపు నాగభూషణం ఎదురుగ్గా ఉండేది మరిచిపోయినా.

"ఇంకోటి కొందునా? బంగారం కంటే మేలంటాండారు."

మీ నాయన ఏం చేసేవాడు, అని అడిగినా.
నవ్వినాడు. తెలుసు వానికి.
వాళ్ళ నాయన సైకిలేసుకోని ఊరూరా
పాత పట్టుచీరలు కొనేవాడు.
చినిగింది, మాసింది, ఎలకలు కొట్టింది, ఏదైనా.
ఇంటెనక బాండ్లీలో కాల్చేవాడు.
పట్టంతా పొగయి పోతే
అడుగున జరీలోని వెండి నల్లగా ముద్దకట్టేది.
కడిగి, తూకమేసి అమ్మేవాడు.
ఎవురికి నచ్చినా నచ్చకున్నా వెండి వెండే.

"దీన్ని గాల్చు నాగభూషణం.
గుప్పెడు ఉక్కు.
పాతినుము అంగట్లో రెండు టీలకు రాదు.
మిగతా పద్నాలుగు లక్షలు యాడుండాయి?
నీ తర్వాత కొనేవాని కడుపుమంటలో.
వాడు రాలేదనుకో?"

టీ తాగినాడు. గ్లాసు కింద పెట్టి,
"నువ్వేం కూడబెట్టినావు మరి?" అన్నాడు.

నిజమే.
నా సొరుగులో నూటాముప్పై గడియారాలుండాయి,
తీసకపోను ఎవురూ రానివి.
చెనిక్కాయల మిల్లు గుమాస్తాది,
ఆర్టీసీ డ్రైవరు ఓబుళేసుది,
పేరు చీటీ ఊడిపోయినవి ఇంకా శానా.
పైసా పెరగలేదు వాటి ధర.
కీ ఇస్తే తిరుగుతాయి, అంతే.

"నూనె పట్టించినా. వారం నడిపి చూడల్ల,
దానికో చేయి గావల్ల" అని చెప్పినా.
నా చేయి చూసినాడు. గడియారాన్ని చూసినాడు.
బస్సుకు టైమయిందని లేచినాడు.

రాత్రి రెండున్నరకు కొళాయిలో నీళ్ళొచ్చినాయి.
ఇరవై ఆరు బిందెలు మోసినా.
మోసిన ప్రతి బిందెకూ లోపల ఆ అర్ధచంద్రం
గిర్రుమని తిరగడం మణికట్టుకు తెలస్తానే ఉంది.
ఏ మెషిన్లో పెట్టినా
అంత తిండి దొరికిండదు దానికి.

పొద్దున అద్దం పెట్టి చూస్తే
కీ పక్కన వెంట్రుకంత గీత.
లక్ష రూపాయల గీతో, కాదో, నాకు తెల్దు.
బిందె గూడా తిప్పి చూసినా.
దానికేమీ కాలేదు.