అరవై నుంచి మూడు వేల దాకా

చీమకుర్తిలో రాత్రి పదకొండు దాటాక
కాటా గదిలో నేనూ, పాత కంప్యూటరూ, ఒక దోమల బత్తీ.
లారీకీ లారీకీ మధ్య ఇరవై నిమిషాలు.
ఆ ఇరవై నిమిషాల్లో
నేనొక బొమ్మలోకి దిగుతుంటాను.

ఎవరూ గీసిన బొమ్మ కాదది.
చిన్న లెక్క.
ఒక అంకెను దాంతోనే హెచ్చవేసి, ఇంకో అంకె కలిపి
వచ్చిన జవాబును మళ్లీ లెక్కలోనే పొయ్యడం.
మళ్లీ. మళ్లీ.
పారిపోయిన చుక్కలకు మిషను రంగులు వేస్తుంది.
పారిపోలేనివి నల్లగా ఉండిపోతాయి.

మొదట చూస్తే ఏముంది, అల్లం కొమ్ము.
ముద్ద, ముద్దకో బుడిపె, బుడిపెకో పిల్ల బుడిపె.
అంచు మీద మౌస్ పెట్టి పెద్దది చేస్తే
చుక్క అనుకున్నది సుడి,
సుడి అంచున సుళ్లు,
వాటి సందుల్లో ఎక్కడా తెగని సన్నటి పీచు.
ముప్పై ఎనిమిదోసారి నొక్కినప్పుడు
అడుగున, ఎవరూ పెట్టకుండానే,
ఆవగింజంత, అదే అల్లం కొమ్ము!
దారి తప్పి తప్పి మన వాకిట్లోనే తేలినట్టు.
సరిగ్గా అదీ కాదు. దీనికి చుట్టూ వెంట్రుకలు.
దిగొచ్చిన లోతంతా ఒంటికి చుట్టుకుని ఉంది.

కాలేషా మంచినీళ్లకని వచ్చాడు.
పాలిష్ షెడ్డులో పదహారేళ్లు,
మోకాళ్ల దాకా బూడిదరంగు బురద.
"ఏందబ్బా అది, మన క్వారీనా?"
అవును, పైనుంచి చూస్తే అంతే కదా,
మెట్టు కింద మెట్టు, మెట్టు కింద మెట్టు,
అడుగున అగ్గిపెట్టెంత పొక్లెయిను.
"యాడికి పోద్ది లోపలికి?"
పోతానే ఉంటది, అడుగు లేదు అన్నాను.
"అడుగు లేని క్వారీకి లీజు ఎట్టా రాస్తారు మరి?"
నవ్వి సీసా నింపుకున్నాడు.

వెళ్లలేదు.
"ఒకటే లెక్కంటివే, ఎన్ని తూర్లు తిప్పాల?"
యాభై తూర్లకు మసక.
ఐదొందలకు అంచు తేలుద్ది.
ఐదు వేలు తిప్పితే వెంట్రుకలు కూడా.
తెలిసిన సంగతికి ఊపినట్టు తల ఊపాడు.
"రాయీ అంతే.
అరవై నంబరు బిళ్ల కాడ అది గుడ్డిది.
నూట ఇరవై, రెండొందల ఇరవై, నాలుగొందలు...
చెయ్యి అదే, తిప్పుడదే, నీళ్లూ అవే.
ఎనిమిదొందల కాడ నీ మొహం పొగమంచులో ఉన్నట్టుంటది.
మూడు వేల బిళ్ల పడ్డాక
పైన తిప్పుతున్నామో, లోపలికి దిగుతున్నామో తెలీదు.
బంగారు రవ్వలు ఒకదాని ఎనక ఒకటి
బావి లోతున నిలబడతాయి.
చూస్తే రాయి మందం
రెండు సెంటీమీటర్లే అబ్బయ్యా."

ఒక సుడి దగ్గర ఆగమన్నాడు.
వంగి చూశాడు. గీత పక్కన గీత,
ఒంగి, చుట్టుకుని, మధ్యలో చీలి.
"ఇది నా బొటనేలు."

రేషన్ షాపులో మిషను మూణ్ణెల్లుగా
అతని వేలిని మనిషిగా ఒప్పుకోవడం లేదు.
నీళ్లు, బిళ్ల, రాయి, నీళ్లు.
గీతలన్నీ అరిగిపోయాయి.
బల్బు కింద తిప్పి చూపించాడు,
మూడు వేల నంబరు కొట్టినట్టు
నిజంగానే మెరిసింది.

ఏమనాలో తోచక ఇంకాస్త పెద్దది చేశాను.
సుడిలో సుడి, వేలి చివర వేలు, దాని చివర ఇంకోటి.
"చాల్లే, ఇన్ని ఏళ్లకు బియ్యం కొలవాలంటే
డీలరు ఊరిడిసి పోతాడు."

హారన్.
టిప్పరు కాటా ఎక్కింది.
నలభై ఒక్క టన్నుల నాలుగొందల కిలోలు,
బండి నంబరు, రాయి నంబరు, సంతకం.
చీటీ చించి ఇచ్చి వచ్చేసరికి కాలేషా లేడు.
తెర మీద బూడిద మరక,
గీతల్లేని బొటనవేలంత.
దాని కింద మిషను ఇంకా లెక్క చేస్తూనే ఉంది,
అరవై మూడు శాతం.
షెడ్డులో మళ్లీ నీళ్ల చప్పుడు.

పొద్దున ఓనరు వచ్చేలోపు తుడవాలి.
ఇప్పుడే కాదు.