లోపలి ప్యాడు

ఎడమ ముందు చక్రం ఊడదీసిన.
బయటి ప్యాడు బిస్కెట్ మందాన ఉన్నది,
లోపలిది తునికాకు మందం.
ఇనుప రేకు తేలి డిస్కును గీరింది.
ఆ గీతల మీద గోరు పెడితే
ఆగి ఆగి పోతది.

తాడ్వాయి మలుపు కాడ నా షెడ్డు.
నాలుగు చక్రాలూ గుంజే ఈ జీపు
సూది మందుల డబ్బాను, నర్సమ్మను, ఒక మడత మంచాన్ని ఏసుకొని
వాగులు దాటి గూడేలకు పోతది.
తోలేది ఇర్ప బాదురయ్య.
ఏడు నెలలల్ల ఇది మూడో జత.

మొదటిసారి నేనే అన్న,
"బ్రేకు మీద కాలు పెట్టి తోలుతున్నవే."
రెండోసారి రసీదు మీద రాసిన
'డ్రైవరు అలవాటు' అని.
ఆ రెండు మాటలు చూసి
ములుగు ఆఫీసుల ఆయన జీతం కోసిండ్రు,
పద్దెనిమిది వందలు.

ఇయ్యాల వాన. గిరాకి లేదు.
నిజం చెప్పాలంటే అందుకే చూసిన.

కాలు జేసిన తప్పయితే
రెండు దిక్కులా పంచుకోవాలె గదా.
కుడి దిక్కు ప్యాడులు కవల పిల్లల లెక్క ఉన్నయి.

చక్రం మళ్ల బిగించి చేత్తో తిప్పిన. మూలిగింది.
బ్లీడరు అర సుట్టు ఇప్పిన,
నూనె చుక్క రాలింది గని పట్టు ఇడువలే.
అంటే పైపు పాపం లేదు.
పిస్టన్ను వెనక్కి నూకిన, మెత్తగ పోయింది.
దానిది గూడ లేదు.
కాలిపరును పక్కకు జరిపిన.
జరగలే.
రెండు చేతులతోటి.
జరగలే.

పిన్ను మీది రబ్బరు తొడుగు
గోరంత చిరిగి ఉన్నది.
కిరసనాయిలు పోసి, కొట్టి, మళ్ల కొట్టి
పిన్ను గుంజితే,
గ్రీజు ఉండాల్సిన కాడ ఎర్ర బురద,
ఎండి కాలి ఇటుకయింది.
జంపన్న వాగుదో, పేరులేని ఏ వాగుదో.

పిన్ను కదలకపోతే
బయటి ప్యాడు దగ్గరికి రాదు.
కాలు తొక్కినప్పుడల్లా లోపలిదే పోయి ఒరుసుకుంటది,
కాలు తీసినంక గూడ ఇడిపించుకోలేదు.
బయటిది మాత్రం నిండుగ, నున్నగ
పనిజేసినట్టే కనవడుతది.
చక్రం సందుల నుంచి తొంగిచూసేటోనికి
కనవడేది అదొక్కటే.
నాకు కనవడ్డది గూడ అదే.

బాదురయ్య టైరు మీద కూసొని చాయ తాగుతుండు.
పిన్ను తీస్కపోయి ఆయన అరచేతుల పెట్టిన.
"తప్పు నీది కాదే" అన్న.
"ఎరుకే" అన్నడు.
"ఎడమకు గుంజుతున్నదని మొదటిసారే చెప్పిన గద."

చెప్పిండు. యాదికొచ్చింది.
అప్పుడు నేను లారీ కింద ఉన్న,
ఊ అన్న.

కొత్త తొడుగు, కొత్త గ్రీజు, నాలుగు ప్యాడులు.
పిన్నును ఏలుతోటి నూకితే పోయింది, గుంజితే వచ్చింది.
రసీదు రాయబోయి ఆగిన.
ఆ పాత కాయితం ములుగుల ఫైలుల ఉన్నది,
ఇక్కడి నుంచి ఎట్ల కొట్టెయ్యాలె?
కింద జాగ ఉంటే రాసిన,
'పిన్ను పట్టేసింది. మెకానిక్కు చూడలే.'

కూలి కాడ సున్న పెట్టిన.
బాదురయ్య సూసిండు, ఏమనలే,
కాయితం మడిచి అంగీ జేబుల పెట్టుకున్నడు.
జీపు వానల మలుపు తిరిగినంక గని
నాకు తట్టలే,
ఆ పైసలు మిగిలింది ఆఫీసుకు.