ఏడో గడి

వారసిగూడలో మూడో అంతస్తు మీద రేకుల గది మాది.
రూటరు గ్యాస్ బండ మీద ఉంటుంది,
అక్కడైతేనే సిగ్నలు నిలుస్తుంది.

ఫిలోమిన సినిమాలకు కింద అక్షరాలు రాస్తుంది.
నేను ఎన్నడూ చూడని ఆస్పత్రుల బిల్లుల్లో
రోగాలకు నంబర్లు వేస్తాను.
ఇద్దరి పనీ ఒడిలో పట్టేంతే.
ఒడిలో పట్టే పనిని
ఎక్కడ కూర్చుని చేస్తేనేం, అంది ఒకరోజు
ఉడికిన పల్లీలు ఒలుస్తూ.

ఆ రాత్రే పట్టిక గీశాం.
పైన అద్దె, నెట్టు, వీసా, వాన, నీళ్ళు, బియ్యం ధర.
పక్కన లిస్బన్, టిబిలిసి, చియాంగ్ మై, పెనాంగ్.
అట్టడుగున, పోలికకని, హైదరాబాదు.

లిస్బన్‌లో ఎండ మెత్తగా ఉంటుందట, అద్దె చూస్తేనే వడదెబ్బ.
చియాంగ్ మైలో మార్చి నెలంతా పొగ,
"మనకు దీపావళి ఒక్కరోజేగా" అని ఫిలోమిన ఒక మార్కు కోసేసింది.
పెనాంగ్‌లో అన్నం దొరుకుతుంది, అరిటాకు కూడా.
టిబిలిసిలో పడవలాంటి రొట్టె, మధ్యలో గుడ్డు.
వీసా దగ్గర ఏమీ తేలక పసుపు రంగు పూశాం.
నీళ్ళ గడిలో అన్నిటికీ "ఎప్పుడూ".
మనకు మాత్రం రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు,
అదీ కింది ఆంటీ ముందే మోటరు వేయకపోతే.

ఏడో గడి నేను అడగలేదు.
తనే చేర్చింది, ఏమీ అనకుండా:
ఇల్లిచ్చే ముందు ఏమడుగుతారు?

ఈ ఊళ్ళో మేం చూసిన ఇళ్ళు పద్నాలుగు.
నల్లకుంటలో గేటు దగ్గరే పేర్లడిగారు.
నేను ఇందుమతినంటే సరే అన్నారు. తన పేరు విన్నాక
ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసిన సంగతి గుర్తొచ్చింది వాళ్ళకు.
పద్మారావునగర్‌లో పేరు అడగలేదు, కూర అడిగారు.
"వండుతారా... అంటే, వండుతారా?"
ఆ రెండో 'వండుతారా'లో ఒక కోడి, ఒక మేక,
పేరెత్తని ఇంకొక జంతువు
వరసగా నిలబడ్డాయి.
విద్యానగర్ ఆయన మర్యాదస్తుడు, చల్లటి మంచినీళ్ళిచ్చి,
"తప్పుగా అనుకోకండమ్మా, ఇంతకీ మీరేమిట్లు?"
ఫిలోమిన గ్లాసు కింద పెట్టి
"మేం అద్దెకుండేటోళ్ళం సార్" అంది.

అందుకే నాలుగూళ్ళకూ మెయిళ్ళు పెట్టాం,
పేర్లు దాచకుండా, ఫొటోలతో సహా.
లిస్బన్ ఆయన ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు.
చియాంగ్ మై ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసి
మళ్ళీ పలకలేదు. ఆ నిశ్శబ్దం మాకు కొత్త కాదు,
అక్కడ కూడా ఇల్లు నిన్ననే పోయుంటుంది.
పెనాంగ్ ఆవిడ, పోపు వాసన గోడలకు పట్టదు కదా, అంది.
"పడుతుంది," అని రాసింది ఫిలోమిన, "పోపు మంచిదైతే."

టిబిలిసి ముసలావిడ వీడియోలో కనబడింది.
తలకు గుడ్డ, వెనక కిటికీ, కిటికీ నిండా కొండ.
మనవడు పక్కన నిలబడి ఆమె మాటల్ని ఇంగ్లీషులోకి దింపుతున్నాడు.
సరిగ్గా అప్పుడే మా వీధిలో
ఉల్లిగడ్డల ఆటో మైకు, వందకు నాలుగు కిలోలు, వందకు నాలుగు.
ఆవిడ చెయ్యెత్తి మనవణ్ణి ఆపి విన్నది.
ప్రార్థనా? అని అడిగించింది.
ఉల్లిగడ్డలన్నాం.
నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు.
తర్వాత అడిగింది:
చలికి ఓర్చుకోగలరా అమ్మాయిలూ, నా దుప్పట్లు పాతవి.

అంతే అడిగింది.
ఇంకేదో వస్తుందని మేం
జవాబులు నోట్లో పెట్టుకొని
కాసేపు అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు దాన్ని ఎక్కడ రాయాలి?
వాన కిందా? ఇంకో గడి గీసి సామాను కిందా?
ఫిలోమిన ఏడో గడిలో టైపు చేసి చెరిపింది,
మళ్ళీ చేసింది.
రంగు మాత్రం వేయలేదు.

అంతలో కింది నుంచి ఆంటీ కేక: "నల్లా వచ్చిందీ!"
ల్యాప్‌టాపులు మంచం మీద పడేసి
బిందెలు చంకనెత్తుకొని మెట్లు దిగాం.
నలభై నిమిషాలు.
పైన, రేకుల కింద,
టిబిలిసి ఇంకా తెరిచే ఉంది.