వజ్రానికి వాసన లేదు

ముంగారు రెండో వాన పడినాక
తుగ్గలి చేన్లలో మనుషులు మొలుస్తారు.
ఆదోని నించి, బళ్ళారి నించి, ఆటోల్లో వచ్చి
బియ్యంలో రాళ్ళేరినట్టు
మట్టిలో రాళ్ళేరుకుంటా వంగిన నడుములు.
నేనూ హుసేనమ్మా ఏడో ఏడు వస్తాండాం.
ఆమెకు ఒకసారి గాజుపెంకు దొరికింది,
నాకొక బొత్తాము.

కుక్కను మేం పిలవలేదు.
పత్తికొండ బస్టాండులో ఉగ్గాని పొట్లం విప్పితే
వెనకాలే వచ్చి బస్సు మెట్టు కూడా ఎక్కింది.
సద్దిమూటను వదల్లేదని
పేరు సద్ది అయింది.

అందరం కండ్లతోనే వెదుకుతాం.
పొద్దు వాలుగా ఉన్నప్పుడే రాయి తళుక్కుమంటాదని
కండ్లు సగం మూసి, మెడ వంచి,
సారెసారెకూ మోసపోయి:
నీటిబొట్టు, పలుగురాయి, బ్లేడు ముక్క.
సద్ది మాత్రం తలెత్తదు.
దానికి పొద్దుతో పని లేదు.

పశువులాసుపత్రి మద్దిలేటి చెప్పినాడు,
సూదిమందు వేయించను పోయినప్పుడు,
దాని మూతి రెండు చేతుల్లో పట్టుకోని:
"ఇది పీల్చిన గాలి లోపల రెండుగా చీలతాదమ్మా.
ఒక పాయ ఊపిరికి,
ఇంకో పాయ ఉత్త వాసనకే, మడికి తిప్పిన కాలవ మాదిరి.
వదిలే గాలేమో ఈ పక్క చీలికల్లోంచి పోతాది,
వచ్చే వాసనకు అడ్డం రాదు.
మెదడు ముందర వాసనగడ్డలు రెండు.
మనకు వడ్లగింజంత. దీనికి రేగ్గాయంత.
ఇంకోటి,
ఆడనించి ఒక నరాల బాట
నేరుగా చూపు గదికి పోతాదంట.
మనకు ఆ బాట లేదంట."
సూది గుచ్చింది కూడా తెలీలేదు సద్దికి.
ఆయన చొక్కా మీద
పొద్దున్నించి వచ్చిన బర్రెలన్నిటినీ చూస్తాంది.

ఆ మాట పట్టుకోని
వారం దినాలు దాని వెనకాల తిరిగినా.
గట్టు మీద కంపచెట్టు కాడ నిలబడి
ఒక ముక్కు, ఇంకో ముక్కు, మార్చి మార్చి చదివింది.
పల్చబడిన వాసనంటే నిన్న.
చిక్కగా ఉంటే ఇప్పుడే.
ఎదురుగాలిలో వస్తే
ఇంకా రానిది.

నాకు చెప్పను చాతకాదు. మాటల్లేవు.
ఎరుపుకు ఎరుపని పేరుంది, పులుపుకు పులుపని.
వాసనకు సొంత పేరేది?
మల్లె వాసన, కిరసనాయిలు వాసన, తడిసిన గొంగడి వాసన,
అన్నీ ఎవరో ఒకరి ఇంటిపేరు తగిలించుకున్నవే.
ఒక్క మాట మాత్రం ఎవరో తెలిసినోళ్ళే పెట్టినారు,
వాసన చూడు అని.
వినమనలేదు. తాకమనలేదు.
చూడమన్నారు.

శుక్రారం మధ్యాన్నం
చేను నడిమధ్యన సద్ది ఆగిపోయింది.
తోక నిలబెట్టి, ఒక కాలెత్తి,
తర్వాత తవ్వను మొదలుపెట్టింది.
ఎవరో కేకేసినారు.
అంతే, నూరుమంది.
గుంటూరాయన టవలు పరిచినాడు, జాగా నాదని.
ఒకామె చెప్పులిడిచి దండం పెట్టింది.
గునపాలొచ్చినాయి, జల్లెడొచ్చింది.
మోకాటి లోతు, నడుం లోతు.
ఎర్రమట్టి, దాని కింద సుద్దమట్టి,
దాని కింద ఏమీ లేదు.
తిట్టుకుంటా పోయినారు.
హుసేనమ్మ నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకునింది.

సద్ది గుంతలోకి దిగింది.
పైకి పోసిన మట్టిని కాదు,
అడుగున ఖాళీని వాసన చూసింది
కండ్లు మూసుకోని,
చానా సేపు.
ఆ కండ్ల వెనక గదిలో ఎవరు తిరుగుతాండారో,
నక్కపిల్లలో, పోయినేటి సెనిక్కాయ పంటో,
ఎప్పుడో ఇట్లనే పారిపోయిన వంకో.

నేనూ దిగినా.
మోకాళ్ళ మీద వంగి, ముక్కు మట్టికానించి పీల్చినా.
తడి. అంతే.
తడి కూడా నీళ్ళ ఇంటిపేరే.

"ఏమే, దొరికిందా?" పైనించి హుసేనమ్మ.
"దానికి దొరికింది."

సాయంత్రం రోడ్డు పక్కన కూచున్నాం.
గాలి పత్తికొండ దిక్కు నించి మళ్ళింది.
సద్ది లేచి నిలబడింది,
మేమూ చెప్పులేసుకున్నాం.
బస్సు ఇంకా గుట్టకు అవతలే ఉండాది.